వ్యాధుల కావలికి ఇంటి మాటే తొలి మెట్టు

(వేలూరులో జరిగిన పొరుగు రాష్ట్రాల తెలుగువారి సమావేశంలో ఒక ప్రజారోగ్య వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి బడులను గురించీ, పాఠ్యపుస్తకాలను గురించీ, ఉపాధ్యాయుల నియామకాలను గురించీ మాట్లాడుకున్నాం. నన్ను అంటువ్యాధుల నిఘాను గురించి చెప్పమన్నారు. భాష కోసం కూడిన సభలో రోగాల ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. నా మనవి ఒక్కటే. వ్యాధిని కనిపెట్టే పని ప్రయోగశాలలో మొదలుకాదు. "బిడ్డకు ఒళ్ళు కాలిపోతున్నది" అని ఒక తల్లి పొరుగింటి ఆమెతో అన్నప్పుడు మొదలవుతుంది. ఆ మాట ఆరోగ్య కార్యకర్త చెవిన పడి, ఆమె కాగితానికెక్కి, జిల్లా కేంద్రానికి చేరి, అక్కడొక బుద్ధిమంతుడి కంటబడితేనే తక్కినదంతా జరుగుతుంది. తొలి మెట్టు దగ్గరే మాట తప్పిపోతే పై మెట్లమీద ఎంత ఖరీదైన యంత్రాలున్నా ప్రయోజనం లేదు.

నిఘా అనగానేమి?

'నిఘా' అనే మాట వినగానే మనకు పోలీసులు గుర్తుకు వస్తారు. ఉర్దూ నుండి వచ్చిన ఆ మాటకు మూలార్థం చూపు. మన రైతుకు తెలిసిన మాటలో చెప్పాలంటే ఇది కావలి. చేలో మంచె కట్టుకొని కూర్చున్నవాడు పిట్టలు వాలకముందే చూస్తాడు, కేక వేస్తాడు. చూసి ఊరకున్నవాడిని కావలివాడని ఎవరూ అనరు. వ్యాధుల నిఘా కూడా అంతే. సమాచారం సేకరించడం, దానిని ఒకచోట కూర్చడం, నిరుటితోనూ కిందటి వారంతోనూ పోల్చి చూడడం, తేడా కనిపిస్తే వెంటనే కదలడం, తెలిసినదానిని చెప్పినవారికే తిరిగి చెప్పడం - ఈ అయిదూ కలిస్తేనే నిఘా.

ఉష్ణమండలంలో ఈ కావలికి తొందర ఎక్కువ. తొలకరి పడగానే దోమలు పెరుగుతాయి, తాగునీటిలో మురుగు కలుస్తుంది. వారం రోజులకొకసారి లెక్క చూసుకొనేవాడు రెండు వారాలు అశ్రద్ధ చేస్తే ఒక వీథి జ్వరం ఒక తాలూకా జ్వరమవుతుంది.

ఈ నేల చూపిన దారి

మనం కూర్చున్న ఈ రాయవేలూరుకు ఈ విషయంలో పెద్ద చరిత్ర ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు అటు చిత్తూరు, ఇటు వేలూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. 1955లో మన దేశంలో మనుషులకు సోకిన జపాన్ మెదడువాపు వ్యాధిని మొదటిసారి గుర్తించినది ఈ ప్రాంతంలోనే. 1980ల నుండి ఇక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వైరస్ శాస్త్రవేత్త డాక్టర్ టి. జేకబ్ జాన్, ఆయన సహచరులు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒక నిఘా పద్ధతిని నడిపారు.

దాని గొప్పతనం దాని నిరాడంబరతలో ఉన్నది. ప్రభుత్వ వైద్యులకూ ప్రైవేటు వైద్యులకూ అచ్చువేసిన పోస్టుకార్డులు ఇచ్చారు. ఎంపిక చేసిన కొన్ని వ్యాధులలో ఏదైనా అనుమానం కలిగితే వైద్యుడు వివరాలు నింపి కార్డును తపాలాలో వేయాలి. వచ్చిన కార్డులను ఒకచోట చూసి, ఏ ఊరినుండి ఏ జబ్బు ఎక్కువగా వస్తున్నదో గమనించి, జిల్లా ఆరోగ్య శాఖకు తెలిపేవారు. నెలనెలా ఒక పత్రిక వేసి, కార్డులు పంపిన వైద్యులందరికీ జిల్లాలో జరుగుతున్నదేమిటో చెప్పేవారు. ఈ చివరి పనే అన్నింటికన్నా ముఖ్యమైనది. తాను పంపిన కార్డు ఏ చెత్తబుట్టలోనో పడలేదని తెలిసినవాడే రెండవ కార్డు పంపుతాడు. ఈ అనుభవాన్ని 1998లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. తరువాత కేరళలోని కొట్టాయం జిల్లా ఈ నమూనానే చేపట్టింది.

దీనినుండి తెలిసేది ఏమిటంటే, నిఘా సామర్థ్యమంటే భవనాలూ యంత్రాలూ మాత్రమే కావు. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య నమ్మకం తెగకుండా ఉండడమే అసలు సామర్థ్యం.

దేశం నేర్చుకొన్న పాఠాలు

1994లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలోనూ, తరువాత సూరత్ నగరంలోనూ ప్లేగు అన్న వార్త పుట్టింది. అది ప్లేగేనా కాదా అని తేల్చి చెప్పడంలో జరిగిన జాప్యం వల్ల సూరత్ నుండి లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. ఆ దెబ్బ తరువాత 1997లో జాతీయ అంటువ్యాధుల నిఘా కార్యక్రమం కొన్ని జిల్లాలలో మొదలయింది. 2004 నవంబరులో ప్రపంచ బ్యాంకు సహాయంతో సమీకృత వ్యాధి నిఘా ప్రాజెక్టు, అంటే ఐ.డి.ఎస్.పి., ఆరంభమయింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర మొదటి విడతలోనే ఇందులో చేరాయి.

ఈ పద్ధతిలో మూడు ఫారాలు ఉన్నాయి. గ్రామంలో ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి నింపేది 'ఎస్' ఫారం. వైద్యుడు తన అనుమానాన్ని రాసేది 'పి' ఫారం. ప్రయోగశాల నిర్ధారించినదానిని రాసేది 'ఎల్' ఫారం. 2018లో ఏడు రాష్ట్రాలలో మొదలుపెట్టి, 2021 ఏప్రిల్ నుండి దేశమంతటా ఈ సమాచారాన్ని సమీకృత ఆరోగ్య సమాచార వేదికలోకి కంప్యూటరు ద్వారా పంపుతున్నారు. కాగితం పోయి తెర వచ్చింది, వారం లెక్క రోజు లెక్కగా మారింది. అయినా మొదటి అడుగు మారలేదు. ఇంటింటికీ వెళ్ళి అడిగేది ఆ ఏ.ఎన్.ఎం. అమ్మే, ఆ ఆశా కార్యకర్తే.

పోలియో నిర్మూలన మరొక పాఠం నేర్పింది. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు హఠాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడితే, అది పోలియో అయినా కాకపోయినా చెప్పి తీరాలన్నది నియమం. పద్నాలుగు రోజుల లోపు, ఒక రోజు ఎడంతో రెండుసార్లు మల నమూనా తీసి చల్లని పెట్టెలో పంపాలి. లక్షమంది పిల్లలకు ఏటా కనీసం ఒకటైనా పోలియో కాని పక్షవాతం నమోదు కాకపోతే, ఆ జిల్లా ఆరోగ్యంగా ఉన్నదని కాదు, ఆ జిల్లా కావలివాడు నిద్రపోతున్నాడని అర్థం. ఏమీ లేనప్పుడు కూడా 'సున్నా' అని రాసి పంపాలి. 'సున్నా' అని చెప్పడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. ఈ పట్టుదలతోనే 2011 జనవరి 13న హౌరాలో బయటపడినది మన దేశపు చివరి పోలియో కేసుగా నిలిచింది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతమన్న ధ్రువపత్రం వచ్చింది.

ఎల్లలెరుగని రోగాలు

1965లో మహారాష్ట్రలోని నాగపూర్ జిల్లాలో చండీపుర అనే ఊరి రోగుల రక్తంలో ఒక కొత్త వైరస్ కనిపించింది. ఊరి పేరే దానికి పెట్టారు. ముప్పైఎనిమిదేళ్ళ తరువాత, 2003 జూన్ - ఆగస్టు నెలలలో, నాటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్లు జిల్లాలలో, పిల్లలకు జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చి, ఒకటి రెండు రోజులలోనే ప్రాణాలు పోయాయి. నమోదయిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించారు. కారణం చండీపుర వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. వైరస్ పేరు పుట్టింది ఒక రాష్ట్రంలో, పిల్లలు పోయింది మరొక రాష్ట్రంలో.

2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన చికున్‌గున్యా కొన్ని నెలలలోనే కర్ణాటకకూ, మహారాష్ట్రకూ, తమిళనాడుకూ పాకింది. 2006లో దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. 'కీళ్ళ జ్వరం' అని మనవాళ్ళు పెట్టిన పేరు, ఆ జబ్బు లక్షణాన్ని ఏ నిఘంటువుకన్నా చక్కగా చెప్పింది. ఆ దోమకు ఏ చెక్‌పోస్టూ అడ్డు రాలేదు. రాష్ట్రాల సరిహద్దులు భాషనుబట్టి గీసినవి. ఆ గీతకు అవతల మిగిలిపోయిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

నేర్చుకొంటే ఎంత తేడా వస్తుందో చూడండి. 2001లో సిలిగురిలో ఒక అంతుపట్టని జ్వరం ఆసుపత్రి సిబ్బందినీ బలితీసుకొన్నది. అది నిపా అని బయటి ప్రపంచానికి తెలిసేసరికి 2006 వచ్చింది. 2018 మేలో కేరళలో ఒకే ఇంటిలో రెండవ మనిషి అదే తీరున జబ్బు పడగానే వైద్యులు అనుమానించారు. మణిపాల్‌లోని ప్రయోగశాల, ఆ వెంటనే పుణె సంస్థ నిపాను నిర్ధారించాయి. ఏళ్ళు పట్టిన పని రోజులలో తేలింది. ఈ మధ్యకాలంలో చెన్నైలోని జాతీయ సాంక్రమిక వ్యాధి విజ్ఞాన సంస్థలో 2001 నుండి జిల్లాలకు కావలసిన నిపుణులకు శిక్షణ ఇస్తూ వచ్చారు. వైరస్ ప్రయోగశాలల వల దేశమంతటా విస్తరించింది. సామర్థ్యం పెరగడమంటే ఇది.

మాట దగ్గర జరిగే నష్టం

ఇక మన సంగతికి వస్తాను. 'ఎస్' ఫారంలో ఏముంటుంది? ఏడు రోజుల లోపు జ్వరం. అందులో వట్టి జ్వరం ఒక గడి, దద్దుర్లతో జ్వరం ఒక గడి, రక్తస్రావంతో జ్వరం ఒక గడి, మగతతో లేక స్పృహ తప్పడంతో జ్వరం ఒక గడి. నీళ్ళ విరేచనాలు, రక్తం పడే విరేచనాలు వేరువేరు గడులు. కామెర్లు ఒకటి, చచ్చుబడడం ఒకటి.

ఈ గడులలో ఏదీ తల్లి మాటలో రాదు. "కళ్ళు తేలేశాడు", "సంధి మాటలు మాట్లాడుతున్నాడు", "నన్ను గుర్తుపట్టడం లేదు" అంటుంది ఆమె. ఇవన్నీ మగత గడిలోకి పోవలసిన మాటలు. అడిగే అమ్మాయికి ఆ నుడి తెలియకపోతే తనకు అర్థమయిన 'జ్వరం' ఒక్కటే రాసుకొని పోతుంది. మెదడువాపు కేసు వట్టి జ్వరమయిపోతుంది. పైన కూర్చున్న అధికారికి అంకెలలో ఏ తేడా కనిపించదు.

తట్టు సంగతి చూడండి. తమిళంలో దానిని తట్టమ్మై అంటారు. వేలూరు తెలుగు తల్లి 'తట్టు పోసింది' అంటే తమిళ కార్యకర్తకు అందుతుంది. కన్నడంలో దడార, మరాఠీలో గోవర్, ఒడియాలో మిళిమిళా. బళ్ళారిలోనో, చంద్రపూర్‌లోనో, బరంపురంలోనో కొత్తగా వచ్చిన కార్యకర్తకు 'తట్టు' అన్న మాట అందుతుందన్న భరోసా లేదు. కామెర్లకు ఈ చిక్కు తక్కువ. కామాలై, కామాలె, కావీళ అన్నవన్నీ ఒకే సంస్కృత మూలపు బిడ్డలు. అందుచేత అన్ని మాటలకూ తర్జుమా కావాలని నేను అనడం లేదు. ఎక్కడ తప్పిపోతున్నదో వెతికి అక్కడ వంతెన వేయాలంటున్నాను.

మరొక చిక్కు ఉన్నది. ఆటలమ్మనూ తట్టునూ మనవాళ్ళు జబ్బు అనుకోరు. 'అమ్మవారు పోసింది' అంటారు. వేపమండలు కట్టి బిడ్డను ఇంట్లోనే ఉంచుకొంటారు. "మీ ఇంట్లో ఎవరికైనా జబ్బుగా ఉన్నదా?" అని అడిగితే లేదనే చెబుతారు, అందులో అబద్ధం లేదు. "ఎవరికైనా అమ్మవారు పోసిందా?" అని అడిగినవారికే నిజం తెలుస్తుంది. మశూచి నిర్మూలన కాలంలో కార్యకర్తలు ఒంటినిండా పొక్కులున్న బిడ్డ బొమ్మ అచ్చువేసిన కార్డు పట్టుకొని సంతలలోనూ బడులలోనూ తిరిగారు. కేసు చూపినవారికి ఇచ్చే బహుమానం 1975 నాటికి వేయి రూపాయలయింది. మాటలు ఊరికొక తీరుగా ఉన్నచోట బొమ్మ పనికివచ్చింది. మగతకూ, పక్షవాతానికీ అటువంటి బొమ్మలు వేయలేమా?

2016లో ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో వందమందికి పైగా పిల్లలు మెదడు జబ్బుతో మరణించారు. కొందరిలో జపాన్ మెదడువాపు కనిపించింది. తక్కినవారిలో పలువురికి కసివింద గింజల విషం కారణమని డాక్టర్ జేకబ్ జాన్ పాల్గొన్న పరిశీలన చెప్పింది. పిల్లలు ఏమి తిన్నారు, ఎక్కడ ఆడుకొన్నారు అని ఆ తల్లులను వారి నుడిలో అడిగితేగాని తేలని సంగతి అది. రక్తపరీక్ష ఒక్కటే దానిని చెప్పజాలదు.

ఆ పిల్లలలో కోయబిడ్డలు ఉన్నారు. కనుక ఇక్కడొక మాట చెప్పక తప్పదు. గీతకు అవతల మనం తెలుగు కోసం అడుగుతున్నాం. గీతకు ఇవతల ఆంధ్ర, తెలంగాణ మన్యాలలో సవర, కువి, కోయ, గోండు తల్లుల ముందు తెలుగు ఫారం పట్టుకొని నిలబడేది మనమే. మనకు న్యాయమైనది వారికీ న్యాయమే. ఈ కోరిక అందరి తరఫునా అడిగినప్పుడే దానికి బలం.

పాలన గీతల చిక్కు

భాష కలిసినచోట కూడా పాలన కలవకపోవచ్చు. యానాం ఇందుకు సాక్ష్యం. అక్కడ రోగి తెలుగువాడే, నర్సూ తెలుగామే. కాని యానాం లెక్క పోయేది ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరికి. జబ్బు ముదిరితే రోగి పోయేది ముప్పై కిలోమీటర్ల దూరంలోని కాకినాడకు. కాకినాడ ఆసుపత్రిలో అతని ఊరిపేరు సరిగా రాసుకొని యానాం అధికారులకు ఆనాడే తెలుపకపోతే, అతనింటి పక్క కాలువలోని దోమలను ఎవరూ పట్టించుకోరు. దేశమంతటికీ ఒకే వేదిక ఉన్న ఈ రోజున ఇది సాంకేతికంగా కష్టమేమీ కాదు. చిరునామా పూర్తిగా రాయడం, పొరుగు జిల్లాకు కబురు పెట్టడం అలవాటు కావాలి. వేలూరు - చిత్తూరు, బళ్ళారి - అనంతపురం, గజపతి - శ్రీకాకుళం, నాందేడ్ - నిజామాబాదు జిల్లాలకూ ఇదే వర్తిస్తుంది.

రోగి వచ్చేదాకా కాచుకొని కూర్చోవడం కూడా కావలి కాదు. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. నూటపాతికేళ్ళు గడిచినా మన మన్యాలను ఆ జ్వరం పూర్తిగా వదలలేదు. ఒడిశాలో 2016లో నాలుగు లక్షలకు పైగా మలేరియా కేసులు నమోదయ్యాయి. అటు తరువాత దుర్గమ ప్రాంతాలలో ఊరూరా శిబిరాలు పెట్టి, జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్ష చేసి, మందిచ్చి, దోమతెరలు పంచారు. 2019 నాటికి ఆ సంఖ్య నలభై వేల లోపుకు దిగింది. గడప దగ్గరకు వెళ్ళి అడిగితే వచ్చే ఫలితం అది.

మనం అడగవలసినవి, చేయవలసినవి

భాష ఒక్కటి చక్కబడితే నిఘా చక్కబడుతుందని నేను అనను. ఖాళీగా ఉన్న ఉద్యోగాలు నిండాలి, జిల్లా ప్రయోగశాలలు పనిచేయాలి, నిపుణులు నిలవాలి. కాని వాటికి డబ్బు కావాలి, కాలం కావాలి. నేను చెప్పబోయేవాటికి అంత అక్కరలేదు.

భాషా అల్పసంఖ్యాకుల రక్షణలను 1956 నాటినుండి ఒప్పుకొంటూ వచ్చారు. ఒక ప్రాంత జనాభాలో కనీసం పదిహేను శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను ప్రచురించాలన్నది వాటిలో ఒకటి. రాజ్యాంగంలోని 350-బి అధికరణం కింద ఈ రక్షణలను విచారించే ప్రత్యేక అధికారి పదవి ఉన్నది. కలరా వచ్చింది, నీళ్ళు కాచి తాగండి అన్న ప్రకటనకన్నా ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? కాబట్టి మొదటి కోరిక, ఇటువంటి తాలూకాలలో వ్యాధి హెచ్చరికలు రాష్ట్ర భాషతోపాటు తెలుగులోనూ రావాలి. రెండవది, ఆశా కార్యకర్తల ఎంపికలో ఆ వీథి నుడి తెలిసినవారికి మొదటి అవకాశం ఇవ్వాలి. మూడవది, కార్యకర్తల శిక్షణలో స్థానిక రోగలక్షణాల పదాల పట్టిక చేర్చాలి.

ఆ పట్టిక తయారీకి ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కరలేదు. అది మన పని. హోసూరులో, కోలారులో, పర్లాకిమిడిలో మన పెద్దామెలు సంధికి, మగతకు, తట్టుకు, కామెర్లకు, నీళ్ళ విరేచనాలకు ఏ మాట వాడుతున్నారో రాసుకోండి. పక్కన ఆ రాష్ట్ర భాషలోని మాట రాయండి. నాలుగు పుటలకు మించదు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపి సరిచేయించి, ఆయనకే ఒక ప్రతి ఇవ్వండి. ఇది పోరాటం కాదు, సాయం. తమిళ వైద్యుడైనా, కన్నడ నర్సయినా దీనిని సంతోషంగా అందుకొంటారని నా నమ్మకం. వారు కోరేదీ ఆ బిడ్డ బతకాలనే.

ఒక వారంలో మీ వీథిలో నాలుగు ఇళ్ళలో ఒకే తీరు జ్వరం కనిపిస్తే, ఎవరో చెబుతారులే అని ఊరుకోకండి. మీరే చెప్పండి. మీ నుడిలోనే చెప్పండి. వినేవారికి అర్థం కాకపోతే అర్థమయ్యేవారిని వెంటబెట్టుకొని పోయి చెప్పండి. తాలూకాకొకరు చొప్పున ఆ పట్టిక రాయడానికి ముందుకు వచ్చేవారు, సభ ముగిశాక తమ పేర్లు నిర్వాహకుల దగ్గర నమోదు చేయించుకోవలసిందిగా కోరుతున్నాను.